ఓరుగల్లు: కాకతీయుల రాజధాని, తెలుగువారి గురుతు

ఓరుగల్లు కాకతీయ రాజుల రాజధాని. నేటి తెలంగాణ రాష్ట్రములోని వరంగల్లు నగరమే అది. మన పూర్వులలో పెక్కుమంది కోస్తా జిల్లాలనుండి మారిషస్ చెరకుతోటలకు వచ్చినవారు. అట్టి మనకు ఆ దూరపు నగరముతో ఏమి సంబంధమని మా ఆలయములో తెలుగు నేర్చుకొను పిల్లలు అడుగుచున్నారు. వారికొరకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పేరు

‘ఓరు’ అనగా ఒకటి, ‘కల్లు’ అనగా రాయి. కోటలోనున్న ఒంటిరాతి గుట్టనుబట్టి ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. సంస్కృతములో దీనిని ఏకశిలానగరము అందురు.

నగరము

కాకతీయులు మొదట హనుమకొండనుండి పాలించిరి. గణపతిదేవుని కాలములో (1199–1262) ఓరుగల్లు రాజధాని అయినది. ఆయన కుమార్తె రుద్రమదేవి కోటను బలపరచెను. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, వాటిచుట్టు కందకములు. నడుమ స్వయంభూశివాలయము, దానికి నాలుగు దిక్కులందు నాలుగు రాతి తోరణములు.

తెలంగాణపు మెట్టభూములును, కృష్ణాగోదావరుల తీరమును ఈ నగరపు ఏలుబడిలో ఒక్క రాజ్యమైనవి. మన సంబంధము ఇక్కడనే కలదు. గణపతిదేవుడు 1244లో సముద్రతీరమునందలి మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు తుపానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును లాగుకొనెడివారు. నియమిత సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చెను. ఓడలలో వచ్చినవారి సంతతియైన మనము ఈ శాసనమును మరువరాదు.

పతనము, జ్ఞాపకము

1323లో ఢిల్లీ సైన్యము నగరమును పట్టుకొనెను. ప్రతాపరుద్రుడు బందీ అయ్యెను. నగరమునకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిరి. కొన్ని ఏండ్లకు ముసునూరి కాపయనాయకుడు దానిని తిరిగి గెలిచి పాలించెను. ఆయన బిరుదు ‘ఆంధ్రదేశాధీశ్వరుడు’. కాకతీయ వంశము పోయినను ఓరుగల్లు గౌరవము తగ్గలేదని దీనివలన తెలియుచున్నది. కాకతీయుల తరువాతి కాలమున వెలువడిన ‘క్రీడాభిరామము’ అను కావ్యములో ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుచు ఆ నగర జీవితమును వర్ణింతురు.

శివాలయము కూలినది, తోరణములు నిలిచియున్నవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన రాజముద్రలో ఆ తోరణమును చేర్చుకొన్నది.

‘తోరణము’ మనకు క్రొత్త మాట కాదు. ఉగాదినాడు గుమ్మమునకు కట్టు మామిడాకుల దండకును అదియే పేరు. ఇంటిలో తెలుగు తగ్గినను ఆ మాట మిగిలినది. పిల్లలచేత మామిడాకులు కట్టించునపుడు ఓరుగల్లు తోరణపు చిత్రమును కూడ వారికి చూపవలెనని పెద్దలను కోరుచున్నాము.