రాకాసి గుళ్లు

మణుగూరు ఓపెన్‌కాస్టులో 31 ఏళ్లు చేశాను. బొగ్గు మీదున్న ఇసుకరాయిని పేల్చి డంపర్లకెత్తించడమే నా పని. అందుకేనేమో, జానంపేటలో అందరూ సమాధులు చూస్తుంటే నేను రాతిని చూస్తూ నిలబడ్డాను.

జానంపేట మాకు పక్కనే, పినపాక మండలం. నాలుగు పలకలు పెట్టెలా నిలబెట్టి, పైన ఒకే బండ మూతేసి, చుట్టూ గుండ్రంగా రాళ్లు పేర్చారు. ఇనుప యుగం నాటివి, రెండు వేల ఏళ్ల పైమాటే. చదువుకున్నవాళ్లు డోల్మెన్లు అంటారు, ఊళ్లో మాత్రం రాకాసి గుళ్లే. ఒక మూతబండకు టేపు పెట్టాను: 12 అడుగుల పొడవు, 9 వెడల్పు, అడుగు మందం. లెక్క వేస్తే ఏడు టన్నులు తేలింది.

"అందుకే సారూ, మనుషుల పని కాదంటాం" అన్నాడు వెంట వచ్చిన కోయ పెద్దాయన.

నేనొప్పుకోలేదు. ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొర ఎటు పోతుందో పట్టుకుని కొడితే పలక ఊడొస్తుంది, తప్పు చోట కొడితే ముక్కలవుతుంది. గనిలో కొత్తగా చేరినవాడికి ఆ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది. బలమున్న రాకాసికి పొరతో పనేముంది? ఇది రాయి తెలిసిన మేస్త్రీ పని.

లోపలి తొట్టి చూస్తే ఆ మాట ఇంకా గట్టిగా అనాలనిపిస్తుంది. గొడ్లు నీళ్లు తాగే కుడితి తొట్టిలా, ఒకే రాయిని తొలిచి చేశారు. చనిపోయినవాళ్లను పెట్టింది అందులోనే. కొన్ని గుళ్లలో ఒకటికి మించి తొట్లున్నాయి. అంచు మీద చెయ్యి పెట్టి లోపలికి జరిపాను. గరుకుగా, చిన్న చిన్న గుంటలు తగిలాయి. ఉలి దెబ్బలవి. ఈ అడవిలోనే తొట్టిగుట్ట అని ఒక చోటుంది, పేరులోనే తొట్టి.

తొట్టిగుట్టలో, దొంగతోగులో మనిషి ఆకారంలో నిలువురాళ్లు కూడా ఉన్నాయి. రొమ్ములు చెక్కిన ఆడరూపాలు. ఇక గోదావరి పక్కన కాటాపూర్, మల్లూరు దగ్గర చేతులు చాచినట్టున్న రాళ్లను మల్‌హెరాన్ అనే సర్వే అధికారి చూశాడు. 1872లో ఫెర్గుసన్ అనే దొర తన పుస్తకంలో వాటి బొమ్మలు అచ్చేసి, క్రైస్తవుల శిలువలని తేల్చేశాడు! ఊరివాళ్లు రాకాసుల్ని చూశారు, దొర శిలువను చూశాడు. ఎవరి కంటికి అలవాటైంది వాళ్లకు కనిపించింది. నాకు రాయి కనిపించినట్టే.

తిరిగొస్తుంటే అడిగాను, "మీరూ పెద్దలకు రాళ్లు నిలబెడతారు కదా, మరి ఇవి మీ తాతలవి కావా?"

పెద్దాయన నవ్వాడు. "మా రాళ్లకు పేర్లుంటయి సారూ. ఏ రాయి ఎవరిదో మాకెరుకే. వీటి పేర్లు ఎవరికెరుక?"

ఆ రోజు చూసిన గుళ్లలో రెండింటికి మూతబండ పక్కకు తోసి ఉంది. తొట్టి అడుగు పగిలి, కింద మోకాలి లోతు గుంట. గుప్తనిధి కోసం తవ్వినవాళ్ల పని. ఇలాంటి సమాధుల్లో దొరికేది కుండపెంకులు, ఎముకలు, తుప్పు పట్టిన ఇనుము. బంగారం ఆశతో గడ్డపార పట్టుకొచ్చేవాళ్లు మీకు తెలిస్తే ఈ సంగతి చెప్పండి.