అక్షరాల కోసం ఆస్తి కరిగించిన బాస్కర్విల్

మా మనవడి కంప్యూటరులో అక్షరాల రకాల జాబితా చూస్తుంటే 'బాస్కర్విల్' అనే పేరు కంటబడింది. అది ఒక మనిషి పేరంటే వాడు నమ్మలేదు. సర్వీసంతా ఫెయిర్ కాపీలు రాసిన నాకు ఆయనంటే అభిమానం. ఆయనా మొదట చేతిరాత నేర్పిన మాస్టరే.

జాన్ బాస్కర్విల్ 1706లో ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌లో జన్మించారు. బర్మింగ్‌హామ్ చేరి దస్తూరీ నేర్పుతూ, సమాధి రాళ్లపై అక్షరాలు చెక్కేవారు. తర్వాత పళ్లాలకు, పెట్టెలకు నల్లని మెరుపు పూత వేసే వ్యాపారంలో బాగా గడించారు. ఇక సుఖంగా కూర్చోవచ్చు. కాని నలభై దాటాక అచ్చుపనిలో దిగారు. టైపుల రూపం తనదే, సిరా తన పద్ధతిదే. అచ్చయిన కాగితాన్ని వేడి రాగి రేకుల మధ్య నొక్కి నునుపు చేయించేవారు. మొదటి పుస్తకం, లాటిన్ మహాకవి వర్జిల్ కావ్యాలు, వెలువడేసరికి 1757 వచ్చింది. వెల ఒక గినీ. తర్వాత మిల్టన్, జువెనల్, హొరేస్. మతవిశ్వాసం లేని ఈ మనిషే 1763లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి బైబిలు అచ్చువేశారు!

ఆ సన్నని గీతలు, మెరిసే కాగితం కళ్లు పోగొడతాయని స్వదేశంలోనే ఆక్షేపణలు వచ్చాయి. మిత్రుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక పెద్దమనిషికి కాస్లన్ అక్షరాల నమూనాను, పేరు చించేసి, బాస్కర్విల్‌దని చూపించారు. ఆయన అందులోనూ వరుసగా తప్పులు పట్టారట. సంతకం చూసి నోటు బాగోగులు తేల్చేవారు మన ఆఫీసుల్లోనూ ఉండేవారు కదా!

పుస్తకాలు గౌరవం తెచ్చాయి, డబ్బు తేలేదు. విసిగి సరంజామా అమ్మజూపినా కొనేవారు లేకపోయారు. 1775లో మరణించాక, 1779లో భార్య సారా టైపులను ఫ్రెంచి నాటకకర్త బోమార్షేకు అమ్మారు. వోల్టేర్ సమగ్ర రచనలు వాటితోనే అచ్చయ్యాయి. ఆ అక్షరాల అసలు ఉక్కు అచ్చులు ఫ్రాన్సు నుంచి కేంబ్రిడ్జికి కానుకగా తిరిగి వచ్చింది 1953లో.

ఆయన దేహానికి మాత్రం అంత మర్యాద దక్కలేదు. కోరిక ప్రకారం సొంత తోటలోనే పాతిపెట్టారు. 1821లో కాలువ రేవు పనుల్లో శవపేటిక బయటపడింది. చేతులు మారి, చోట్లు మారి, 1898లో గాని ఒక శ్మశానంలో కుదురుకోలేదు. యౌవనంలో ఆయన చెక్కిన నమూనా పలకరాయి బర్మింగ్‌హామ్‌లో భద్రంగా ఉంది. కోరిన దస్తూరీలో సమాధి రాళ్లు చెక్కుతామన్న ప్రకటన అది.