ఎంసెట్ ర్యాంకు నుంచి గూగుల్ షీట్ దాకా: డెల్టా పిల్లలు కెరీర్‌ని ఎలా లెక్కేశారు?

పోయిన వారం గుడివాడ నుంచి మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక గూగుల్ షీట్ లింక్ పంపింది. "అన్నయ్యా, ఒక్కసారి చూడవా" అని. తను ఇంటర్ సెకండ్ ఇయర్, ఎంపీసీ. ఓపెన్ చేశాను. బ్రాంచులు, కాలేజీలు, ఫీజు, లాస్ట్ ర్యాంకు, హైయెస్ట్ ప్యాకేజీ, హాస్టల్ ఖర్చు... అన్నీ కాలమ్స్‌గా ఉన్నాయి. చివర్లో ఒక బార్ చార్ట్. అందులో సీఎస్ఈ బార్ తాటిచెట్టంత ఉంది, సివిల్ బార్ పక్కన వరి దుబ్బులా ఉంది. కింద ఒకటే ప్రశ్న: "చార్ట్ చెప్పేసింది కదా, ఇంక ఫిక్స్ అయిపోనా?"

నేను వెంటనే రిప్లై ఇవ్వలేదు. ఎందుకంటే సరిగ్గా అలాంటి షీటే నేనూ 2015లో చేశాను. దాని సంగతి చివర్లో చెప్తా. ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. అసలు మన కృష్ణా డెల్టాలో పిల్లలు "నేనేం అవ్వాలి" అని లెక్కలేసుకోవడం ఎప్పుడు మొదలైంది?

మొదలు నీళ్ల దగ్గరే. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన కరువు ఊడ్చేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకి, 1852లో, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. దాని కోసం పట్టుబట్టింది ఆర్థర్ కాటన్, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఆర్. కాలవల్లో నీళ్లొచ్చాక పంట నిలబడింది. పంట నిలబడ్డాక చేతిలో నాలుగు రూపాయలు మిగిలాయి. ఆ మిగులే తర్వాత చదువుల్లోకి వెళ్లింది.

చదివితే ఏమయ్యేవాళ్లు? మచిలీపట్నంలో నోబుల్ పెట్టిన ఇంగ్లీషు స్కూల్ 1843 నుంచే ఉంది. ఇంగ్లీషు చదివితే సర్కారు ఉద్యోగం, లేకపోతే ప్లీడరు. అప్పటి కెరీర్ షీట్‌లో దాదాపు రెండే వరసలు అన్నమాట. ఇది చాలదు అని 1910లో అదే బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సాంకేతిక విద్య, చేతిపనులు, చిత్రకళ నేర్పారు. జెండా పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠాలు చెప్పినవారే. పత్తి మీద పరిశోధన చేసి "పత్తి వెంకయ్య" అనిపించుకున్నారు, రత్నాల మీద ఆసక్తితో "డైమండ్ వెంకయ్య" అనిపించుకున్నారు. ఆయన్ని ఏ డ్రాప్‌డౌన్‌లో పెడతాం చెప్పండి?

విచిత్రం ఏంటంటే, దాదాపు అదే టైమ్‌లో, 1908లో, అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన కుర్రాళ్లకి ఉద్యోగం ఎంచుకోవడంలో సాయం చేసే ఆఫీసు ఒకటి తెరిచాడు. ఆయన పద్ధతి సింపుల్. ఒకటి, నిన్ను నువ్వు తెలుసుకో. రెండు, పనుల గురించి తెలుసుకో. మూడు, ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో ఆలోచించు. ఇప్పుడు మన షీట్లు చూడండి. రెండో మెట్టు మీదే వంద కాలమ్స్ ఉంటాయి. మొదటి మెట్టుకి ఒక్క కాలమ్ కూడా ఉండదు.

సరే, ఇంజనీరింగ్ దగ్గరికి వద్దాం. చాలాకాలం సీటంటే కాకినాడ, వాల్తేరు, తిరుపతి, అనంతపురం, ఉస్మానియా, వరంగల్... వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. రానివాళ్లలో డబ్బున్నవాళ్లు కర్ణాటక వెళ్లి డొనేషన్ కట్టి చదివేవాళ్లు. 1977లో విజయవాడ పక్కన కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే మొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. 1983లో ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. 1986లో ఎంసెట్ వచ్చింది. అంటే రాష్ట్రం మొత్తానికీ ఒకే పరీక్ష, ఒకే వరస, ప్రతి పిల్లాడికీ ఒక అంకె.

ఆ అంకె రాగానే ఇళ్లలో టేబుల్స్ మొదలయ్యాయి. కంప్యూటర్లో కాదు, లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గీసినవి. ఎడమవైపు కాలేజీ పేరు, కుడివైపు పోయినేడు చివరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో. కాలేజీలు తక్కువున్నప్పుడు ఒక పేజీ సరిపోయేది. 2010 దాటేసరికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడొందల దాకా వెళ్లాయి. కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లోకి మారింది. వందల ఆప్షన్లని వరసగా పేర్చాలంటే ఇంక ఎక్సెల్ తప్పలేదు.

అసలు స్ప్రెడ్‌షీట్ పుట్టిందే ఒక స్టూడెంట్ బుర్రలో. హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కి ఐడియా వచ్చింది, ఫ్రెండ్ బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విజికాల్క్ తెచ్చాడు. ఒక అంకె మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారిపోతాయి. "ఇలా అయితే ఏమవుతుంది" అని అడగడానికి చేసిన మెషీన్ అది. మనం మాత్రం దాన్ని "ఇదే అవుతుంది" అని చెప్పే జ్యోతిష్కుడిలా వాడేస్తున్నాం.

ఇప్పుడు నా కథ. 2015. నేనూ, కంకిపాడు నుంచి వచ్చే నా ఫ్రెండూ కలిసి ఒకే షీట్ చేశాం. నాకు సీఎస్ఈ బార్ పొడుగ్గా వచ్చింది, తీసుకున్నా. వాడు ఇంకో కాలమ్ పెట్టాడు: "రాజధాని". రాజధాని విజయవాడ దగ్గరే అని 2014 సెప్టెంబరులో ప్రకటించారు కదా. వాడి లెక్క కరెక్టే అనిపించింది. కొత్త నగరం కడితే ఇంజనీర్లు కావాలి, ఇంటి పక్కనే పని. సివిల్‌లో చేరాడు. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. వాడు ఆ రోజు స్టేటస్ కూడా పెట్టాడు. డిగ్రీ చేతికొచ్చింది 2019లో. ఆ ఏడాదే అక్కడ పనులు ఆగిపోయాయి. డిసెంబరుకి మూడు రాజధానుల మాట వచ్చింది. వాడు హైదరాబాద్ వెళ్లి, హాస్టల్ అద్దె కట్టాక పెద్దగా ఏం మిగలని జీతానికి సైట్‌లో చేరాడు.

వాడి షీట్ తప్పా? అంకెలు తప్పు కాదు. టైమ్ తప్పు. దీనికి ఎకనామిక్స్‌లో ఒక పేరుంది, సాలెగూడు మోడల్. రిచర్డ్ ఫ్రీమన్ 1976లో అమెరికా ఇంజనీర్ల మీద ఇదే చూపించాడు. జీతాలు బాగున్న ఏడాది పిల్లలు ఎగబడి చేరతారు. నాలుగేళ్ల తర్వాత అందరూ ఒకేసారి బయటికొస్తారు, జీతాలు పడతాయి. అది చూసి కొత్తవాళ్లు చేరడం మానేస్తారు, మళ్లీ కొరత వస్తుంది.

ఇది మనకి ఫ్రీమన్ చెప్పాలా? గుంటూరు యార్డుకి వెళ్లే ఏ మిర్చి రైతునైనా అడగండి. 2016లో రేటు బాగుందని అందరూ మిర్చే వేశారు. 2017 వేసవికి రేటు కుప్పకూలింది. నిరుటి రేటు చూసి ఈ ఏడు నాటడం, ఈ ఏటి ప్యాకేజీ చూసి నాలుగేళ్ల తర్వాతకి బ్రాంచ్ తీసుకోవడం ఒకటే. కాకపోతే రైతు ఆరు నెలల్లో తెలుసుకుంటాడు, మనకి నాలుగేళ్లు పడుతుంది.

ఇదంతా అయ్యాక మా చెల్లికి ఫోన్ చేశా. షీట్ పారేయమనలేదు, బాగా చేసింది పిచ్చిది. మూడు మార్పులు మాత్రం చేయించా.

ఒకటి, "హైయెస్ట్ ప్యాకేజీ" కాలమ్ తీసేసి మీడియన్ పెట్టమన్నా. పదిమందిలో తొమ్మిదిమందికి మూడున్నర లక్షలు, ఒకడికి 40 లక్షలు వచ్చాయనుకోండి. హైయెస్ట్ 40, సగటు 7 లక్షల 15 వేలు, మీడియన్ మూడున్నరే. మీకొచ్చేది ఎక్కువగా ఆ మూడున్నరే. ఎన్ఐఆర్ఎఫ్‌కి కాలేజీలు ఇచ్చే డేటాలో మీడియన్ జీతం ఉంటుంది. ఎంతమంది పాసయ్యారు, అందులో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అనేది కూడా ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు, ప్రతి అంకె పక్కన అది ఏ సంవత్సరానిదో రాయమన్నా. చేరే ఏడాదికి నాలుగు కలిపి ఇంకో కాలమ్. ఆ గ్యాప్ కళ్లముందు కనపడాలి.

మూడు, "ఈ పని చేసేవాళ్లతో మాట్లాడానా" అనే కాలమ్. అవును, లేదు, అంతే.

మాట్లాడుతుంటే షీట్ అడుగున ఒక వరస కనపడింది. బూడిద రంగులో, అన్నీ ఖాళీ గళ్లే. "అగ్రికల్చరల్ ఇంజనీరింగ్, బాపట్ల". ఇదేంటే అన్నా. "ప్యాకేజీ డేటా దొరకలేదు అన్నయ్యా, అందుకే చార్ట్‌లో రాలేదు" అంది. కాసేపాగి, "నాకైతే అదే ఇష్టం. కానీ నాన్న దూరం ఉన్నవన్నీ ఎర్ర రంగు వేసేశారు" అంది.

చూశారా, ఖాళీ గడికి చార్ట్‌లో బార్ రాదు. మన కంటికి అది సున్నాలా కనపడుతుంది. డేటా లేకపోవడం వేరు, విలువ లేకపోవడం వేరు. కాలవ నీళ్లతో చదువుకున్న ఇంట్లో, కాలవల గురించి చదువుతానన్న పిల్ల వరస చార్ట్‌లోకే రాలేదు.

బాబాయ్‌తో మాట్లాడాను. "బాబాయ్, మీరు ఎరుపు వేసింది దూరానికా, భయానికా?" అని అడిగా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వచ్చే ఆదివారం బాపట్ల వెళ్లి చూసొద్దాంలే, చూడటానికేం" అన్నారు. అంతవరకే. తను చివరికి ఏం తీసుకుంటుందో నాకూ తెలీదు, సీఎస్ఈ తీసుకున్నా తప్పేం లేదు.

అన్నట్టు నా ఫ్రెండ్ సంగతి. 2025లో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. వాడిప్పుడు అక్కడే, ఒక రోడ్డు పనిలో ఉన్నాడు. ఆ రాజధాని కాలమ్ ఇంకా డిలీట్ చేయలేదంట.

మీ షీట్‌లో ఖాళీగా వదిలేసిన వరస ఏది? కామెంట్‌లో రాయండి. చదువుతాను. మళ్లీ కలుద్దాం.