పళ్లెంలో పాలివ్వని కణం

చిట్టెలుక రొమ్ములో పాలు తయారుచేసే కణాన్ని తీసి ప్లాస్టిక్ పళ్లెంలో వేస్తే బతుకుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పాలు మాత్రం మానేస్తుంది. జన్యువులన్నీ లోపలే ఉన్నాయి కదా, మరి పాలెందుకు రావు? కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాలలో మినా బిసెల్‌ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఇది. ఆమె టెహ్రాన్‌లో పుట్టి, హార్వర్డ్‌లో చదువుకున్న శాస్త్రవేత్త.

అప్పటికి క్యాన్సర్ పరిశోధన చాలావరకు ఆ పళ్లెం మీదే నడిచేది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ కణితి నుంచి, ఆమెకు చెప్పకుండానే తీసిన హీలా కణాలు దేశదేశాల ల్యాబులకు చేరాయి. అవి పళ్లెం అడుగున అట్టు పోసినట్టు పలచగా పరుచుకుంటాయి. ఒంట్లో కణితి అట్టులా ఉండదు, ముద్దలా ఉంటుంది.

ఈ తేడాను గట్టిగా పట్టించుకున్నవాళ్లలో రాబర్ట్ సదర్లాండ్ ఒకరు. 1970ల మొదట్లో కెనడాలో ఆయన బృందం కణాలను పోషకద్రవంలో తిప్పుతూ పెంచింది. ఆనుకోవడానికి నేల దొరకని కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టాయి. ఉండను కోసి చూస్తే పైపొర చురుగ్గా పెరుగుతోంది. లోపలికి పోయేకొద్దీ ఆక్సిజన్ అందక మందగించింది. నడిమధ్యలో కణాలు చచ్చిపోయి ఉన్నాయి. రోగి కణితిలోనూ తరచూ ఇంతే. ఆక్సిజన్ కరువైన కణాలు రేడియేషన్‌కు ఓ పట్టాన లొంగవు. పళ్లెంలో చచ్చే కణం ఒంట్లో ఎందుకు చావదో ఒక కారణం అక్కడ దొరికింది.

బిసెల్ వెతికిన దారి వేరు. కణం చుట్టూ ఉండే ప్రొటీన్ల అల్లిక కూడా జన్యువులను నడిపిస్తుందని 1982లోనే రాశారు. దాన్ని చూపించడానికి చిట్టెలుక కణితి నుంచి తీసిన ఒక జెల్ అక్కరకొచ్చింది. దాని చాదస్తం వాడేవాళ్లకే తెలుసు. ఐసులో ఉన్నంతసేపూ నీళ్లలా జారుతుంది, ఒంటి వేడి తగిలిందా జున్నులా గడ్డకడుతుంది. పిపెట్ మొనలు కూడా ముందే చల్లబరచుకోవాలి, లేకపోతే అందులోనే బిగుసుకుపోతుంది. అలాంటి జెల్‌లో పెట్టాక రొమ్ము కణాలు చిన్న బుడగల్లా గుమిగూడి, మధ్యనున్న బోలులోకి పాల ప్రొటీన్లు వదిలాయి.

1992లో డెన్మార్క్‌కు చెందిన ఓలె పీటర్సన్‌తో కలిసి బిసెల్ మనుషుల రొమ్ము కణాలను జెల్‌లో పెంచారు. ఆరోగ్యమైనవి గుండ్రటి గూళ్లు కట్టుకుని పెరగడం ఆపేశాయి. క్యాన్సర్‌వి అడ్డదిడ్డంగా పెరుగుతూనే పోయాయి. 1997లో బిసెల్ ల్యాబులో వాలెరీ వీవర్, సహచరులు ఆ క్యాన్సర్ కణాలపై బీటా-1 ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్‌ను యాంటీబాడీతో అడ్డుకున్నారు. కణం చుట్టూ ఉన్న అల్లికను పట్టుకునే చెయ్యి అది. ఆ పట్టు తప్పించగానే క్యాన్సర్ కణాలూ బుద్ధిగా గూడు కట్టుకున్నాయి. పాడైన జన్యువులు పాడైనట్టే ఉన్నాయి! నా మటుకు ఈ కథలో అసలు మలుపు ఇదే. పేరు మాత్రం తర్వాత వచ్చిన ఆర్గనాయిడ్లకు దక్కింది.

2009లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో, హాన్స్ క్లెవర్స్ ల్యాబులో తోషిరో సాతో ఒక్క మూలకణం నుంచి చిట్టెలుక పేగును పోలిన బుల్లి నిర్మాణాన్ని, అంటే ఆర్గనాయిడ్‌ను, పెంచారు. 2015కల్లా 20 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితుల నుంచి పెంచిన ఆర్గనాయిడ్లతో ఒక బ్యాంకే తయారైంది. రోగికి ఇవ్వబోయే మందును ముందు అతని బుల్లి కణితి మీద వేసి చూడొచ్చన్నది ఆశ. మామూలుగా వీటిలో రక్తనాళాలుండవు, రోగనిరోధక కణాలుండవు. అందుకే తొందరపడి నమ్మేయలేం.

కొత్త మందులకు జంతు ప్రయోగాలు తప్పనిసరన్న నిబంధనను 2022 డిసెంబరులో అమెరికా చట్టం నుంచి తొలగించింది. ఇలాంటి కణ నమూనాల ఫలితాలనూ చూపించుకోవచ్చంది. అయితే ఆర్గనాయిడ్లు ఎక్కువగా పెరిగేది ఆ పాత జెల్‌లోనే. దాన్ని ఇప్పటికీ చిట్టెలుకల్లో కణితి పెంచే తీస్తున్నారు.