తరగుపేట రాగులు, కూనూరు పట్టిక

కాటన్‌పేటకు కన్నడంలో అరళెపేటె అని పేరు. రెండింటికీ అర్థం ఒకటే, పత్తిపేట. మన పెద్దోళ్లు మగ్గం పనికి వచ్చినా, మిల్లు పనికి వచ్చినా, ఇంట్లోకి గింజలు మాత్రం నడిచిపోయే దూరంలోని తరగుపేట నుంచే. అందులో రాగులు ముఖ్యం. జేజిలు వాటిని "బలం" అన్నారు, అంతకుమించి ఏమీ అనలేదు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే మాట వేరే. రాగిజావ తాగితే షుగరు పోతాదంట, మాత్రలు మానేయొచ్చంట! మాత్రల దాకా వచ్చినాక దీన్ని నవ్వి వదిలేసేదానికి లేదు.

అసలు రాగుల్లో ఏముందో కొలిచి చెప్పిందెవరు? ఈ కథ బెరిబెరితో మొదలవుతుంది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, గుండె దెబ్బతిని మనుషులు చచ్చిపోయే జబ్బు అది. మన దేశంలో దానికి పేరుపడ్డది కోస్తాలోని సర్కారు జిల్లాలే, అంటే మన తెలుగువాళ్లే. మద్రాసు సైన్యం డాక్టరు మాల్కమ్‌సన్ 1835లోనే దానిమీద పుస్తకం రాసినాడు. కారణం మాత్రం చాలాకాలం దొరకలేదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టినాడు. ఏ జిల్లాలో ఏ బియ్యం తింటారు, జబ్బు ఎక్కడ వస్తుంది అని పోల్చి చూస్తే సంగతి బయటపడింది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటు బి1 విటమిన్ పోతుంది. ఉప్పుడు బియ్యంలో అట్ల కాదు. వడ్లు నానబెట్టి ఉడికించేటప్పుడే ఆ విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా నిలుస్తుంది. అందుకే ఉప్పుడు బియ్యం తినే తావుల్లో ఈ జబ్బు అంతగా లేదు.

ఆ గదే పెరిగి 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరులో ఉండగానే, 1937లో, ఐక్రాయిడ్ మన దేశపు తిండిగింజల పోషక విలువల పట్టిక వేయించినాడు. తర్వాత డాక్టర్ గోపాలన్ వాళ్లు దాన్ని పెంచినారు. పాత పట్టికలో 100 గ్రాముల రాగుల్లో క్యాల్షియం 344 మిల్లీగ్రాములు. 528 రకాల ఆహారాలను కొత్తగా కొలిచి 2017లో వేసిన పట్టికలో 364. నమూనాలు మళ్లీ తెచ్చి, మళ్లీ కొలిచి మార్చిన అంకె ఇది. ఇట్లాంటి అంకెనే నేను నమ్ముతాను. జేజిల "బలం" మాట కూడా ఇక్కడ నిలబడింది, పాలిష్ బియ్యంలో ఇంత క్యాల్షియం ఎక్కడిది? అదే పట్టిక చూస్తే రాగుల్లో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తగా విసిరి జావ కాస్తే తొందరగా అరిగి షుగరు పెరుగుతుంది. ఫోన్లో వచ్చే మాటలో ఈ సంగతి ఉండదు. ఎంత తాగాలో, ఎవరిమీద చూసినారో కూడా ఉండదు.

పెద్ద పెద్ద నిపుణులూ దారి తప్పినారు. 1960లలో బీద దేశాల పిల్లలకు తక్కువయింది ప్రొటీనే అని ప్రపంచమంతా మోగిపోయింది. గోపాలన్, సుఖాత్మె లెక్కలు తీసి, వాళ్లకు కడుపునిండా తిండే లేదు, అదుంటే ప్రొటీన్ కొరత కూడా చాలావరకు తీరుతుందని చూపించినారు. పాత మాట చెప్పినోళ్లు కూడా పోనుపోను సర్దుకున్నారు.

2024లో ఆ హైదరాబాదు సంస్థే 17 సూచనలతో ఆహార మార్గదర్శకాలు తెచ్చింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కండలు పెంచేదానికి ప్రొటీన్ పొడులు వద్దని అందులో రాసుండాది. మన పిల్లకాయలకు జిమ్ముల్లో చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు.