ఇరవై నిమిషాలకొక ప్రాణం

కరువు అంటే వానలు పడకపోవడం అని చిన్న తరగతుల్లో చదువుకున్నాం. ఒకరోజు మా సాంఘిక శాస్త్రం మాస్టారు క్లాసులో, "వాన పడకపోతే పంట పోతుంది, సరే. మరి మనుషులెందుకు చనిపోతారు?" అని అడిగారు. "తినడానికి లేక" అన్నాం అందరం. "పక్క జిల్లాలో ఉంటే తెచ్చుకోవచ్చు కదా, ఎందుకు తెచ్చుకోలేదు?" అన్నారాయన. ఎవరికీ జవాబు రాలేదు. ఆ జవాబు కోసం వెతుకుతుంటే నాకు ఇథియోపియా కథ దొరికింది. అందులో ఒక విలేఖరి కథ కూడా ఉంది.

ఇథియోపియా ఆఫ్రికా ఖండానికి తూర్పున ఉన్న దేశం. 1973లో దాని ఉత్తర భాగంలోని వోలో ప్రాంతంలో పెద్ద కరువు వచ్చింది. చక్రవర్తి హైలే సెలాసీ ప్రభుత్వం ఆ సంగతి బయటికి పొక్కకుండా చూసింది. జొనాథన్ డింబుల్బీ అనే బ్రిటిష్ విలేఖరి వెళ్లి టీవీ చిత్రం తీశాకే లోకానికి తెలిసింది. 1974లో సైనికాధికారులు చక్రవర్తిని గద్దె దించడానికి ముందు, ఆ కరువు దృశ్యాల మధ్యలో రాజుగారి విందుల దృశ్యాలు కలిపి తమ ప్రజలకు చూపించారు. జనానికి కోపం రాకుండా ఉంటుందా?

ఆ కరువు గురించి మన అమర్త్య సేన్ గారు 1981లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. దేశం మొత్తం మీద చూస్తే ఆ ఏడాది తిండిగింజలు అంతగా తగ్గలేదట. వోలో రైతుల పంట పోయింది, దాంతో కొనుక్కునే శక్తి కూడా పోయింది. పైగా వోలో నుంచే కొంత ధాన్యం బయటి ఊళ్లకు వెళ్లిందట! మాస్టారి ప్రశ్నకు సగం జవాబు నాకు ఇక్కడే దొరికింది.

మిగతా సగం పదేళ్ల తర్వాత జరిగిన దానిలో ఉంది. కరువు దాచాడని రాజును దించిన ఆ సైనిక ప్రభుత్వమే, మెంగిస్తు హైలే మరియం నాయకత్వంలో, 1984లో తాను కూడా కరువును దాచింది. అప్పటికే ఉత్తరాన ఎరిట్రియా, టిగ్రే ప్రాంతాల్లో తిరుగుబాటు దళాలతో అంతర్యుద్ధం నడుస్తోంది. సెప్టెంబరులో రాజధాని అడిస్ అబాబాలో విప్లవం పదో వార్షికోత్సవాలు ఘనంగా చేశారు. అదే సమయంలో ఉత్తరాన జనం ఇళ్లు వదిలి తిండి కోసం రోడ్లెక్కారు.

ఆ అక్టోబరులో బీబీసీ విలేఖరి మైకేల్ బర్క్, కెన్యాకు చెందిన కెమెరామన్ మహమ్మద్ అమీన్ కోరెమ్ అనే ఊరికి చేరుకున్నారు. 1984 అక్టోబరు 23న వాళ్ల వార్త టీవీలో వచ్చింది. ఏడు నిమిషాల పైచిలుకు ఉంటుంది, అంతే.

బర్క్ రాసుకుని చదివిన మాటల్లో గొప్ప పదాలేవీ లేవు. గడ్డకట్టే చలి రాత్రి తర్వాత తెల్లవారడంతో మొదలుపెడతాడు. భూమి మీద నరకానికి దగ్గరగా ఉండే చోటు ఏదైనా ఉంటే అది ఇదేనని అక్కడ పనిచేసేవాళ్లు అంటున్నారని చెబుతాడు. ప్రతి ఇరవై నిమిషాలకు ఒక బిడ్డో, ఒక పెద్దో ప్రాణం విడుస్తున్నారని చెబుతాడు. గొంతు పెంచడు, ఏడవండి అని మనకు చెప్పడు. చూసింది చెప్పి ఊరుకుంటాడు.

ఆ ఇరవై నిమిషాల మాట నన్ను వదల్లేదు. మా పీరియడు నలభై నిమిషాలు. అంటే ఒక పాఠం అయ్యేసరికి ఇద్దరు. ఒక రోజుకు లెక్క వేస్తే డెబ్భై రెండు మంది. మా రెండు సెక్షన్లూ ఖాళీ అయినట్టు! లక్షల్లో చెబితే నాకు అర్థం కాలేదు గానీ, ఇలా చెబితే అర్థమైంది.

మెకెలే అనే ఊళ్లో రెడ్‌క్రాస్ నర్సు క్లేర్ బెర్చింగర్‌తో కూడా బర్క్ మాట్లాడాడు. ఆమె దగ్గర కొద్దిమంది పిల్లలకు సరిపడా ఆహారమే ఉంది. బయట వందల మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. ఎవరికి పెట్టాలో, ఎవరిని వదిలేయాలో ఆమె రోజూ ఎంచాల్సి వచ్చింది. ఇంతకంటే కష్టమైన పని లోకంలో ఉంటుందా?

ఆ వార్తను ఎన్నో దేశాల టీవీలు చూపించాయి. గాయకుడు బాబ్ గెల్డాఫ్ అది చూసి తోటి గాయకులను కూడగట్టి పాట చేయించాడు. 1985 జులై 13న లండన్, ఫిలడెల్ఫియా నగరాల్లో పెద్ద కచేరీలు జరిగాయి. సహాయం కోట్ల డాలర్లలో వచ్చింది. ఎంతోమంది బతికారు. అయినా ఆ కరువులో నాలుగు లక్షల నుంచి పది లక్షల మంది వరకు చనిపోయారని అంచనాలున్నాయి.

అయితే ఆ వార్తలో యుద్ధం గురించి చెప్పింది చాలా తక్కువ. చూసినవాళ్లు ఇదంతా వాన చేసిన పనే అనుకున్నారు. నిజానికి విమానాలు సంతల మీద బాంబులు వేస్తుంటే టిగ్రే జనం రాత్రిపూట సంత పెట్టుకునేవారు. సుడాన్ నుంచి ధాన్యం తెచ్చే లారీలు చీకట్లోనే నడిచేవి. సహాయం ఎక్కువగా ప్రభుత్వం చేతిలో ఉన్న ఊళ్లకే అందింది. దాదాపు ఆరు లక్షల మందిని ఉత్తరం నుంచి దూర ప్రాంతాలకు తరలించారు, చాలామందిని బలవంతంగానే. తిండి కోసం శిబిరానికి వెళితే లారీ ఎక్కిస్తారేమో అని భయపడి, ఆకలితోనే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. పక్క జిల్లా నుంచి ఎందుకు తెచ్చుకోలేదంటే, దారిలో యుద్ధం ఉంది కాబట్టి.

బర్క్ తప్పు చేశాడని నేను అనను. ప్రభుత్వం ఒప్పుకుంటేనే అక్కడికి వెళ్లగలడు. ఉన్నవి కొద్ది నిమిషాలు. ఆయన చూపించకపోతే లోకం కదిలేదే కాదు. కానీ కరువు వార్త చదివేటప్పుడు మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఎంతమంది బాధపడుతున్నారు? ఎవరి వల్ల?

మన బళ్లారి ప్రాంతం 1876-78లో ధాత కరువు చూసింది. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. సర్కారు కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిగా డబ్బులు లెక్కగట్టింది. ఇక్కడ జనం చనిపోతుంటే దేశంలోని రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. 'మద్రాస్ టైమ్స్' సంపాదకుడు విలియం డిగ్బీ ఆ కరువు చరిత్రను 1878లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆయన రాయబట్టే ఆ లెక్కలు ఈరోజు మనకు తెలుస్తున్నాయి.

మా అవ్వ ఇప్పటికీ కంచంలో మెతుకు వదిలితే ఒప్పుకోదు. "కరువు చూసినోళ్ల ఇల్లు ఇది" అంటుంది. ఆమె చూడలేదు, ఆమె అవ్వ చెప్పగా విన్నది. మా మాస్టారికి ఇప్పుడు జవాబు చెప్పగలను: వాన పంటను మాత్రమే తీసుకుపోతుంది సార్. ప్రాణాలు పోయేది తిండికీ మనిషికీ మధ్య ఎవరో అడ్డం నిలబడినప్పుడు. ఆ అడ్డం నిలబడినవాళ్ల పేరు కూడా రాసినప్పుడే విలేఖరి పని పూర్తవుతుంది.