బెల్టు జారుడు

తిప్పే పుల్లీతో సమానంగా బెల్టు గాని, బెల్టుతో సమానంగా తిరిగే పుల్లీ గాని నడవలేక వెనకబడటాన్ని బెల్టు జారుడు అంటారు. వడ్లు ఆడించే హల్లరు మొదలు ఇంజనులోకి గాలిని నెట్టే సూపర్‌ఛార్జర్ బిగించిన కారు దాకా, బెల్టు మీద బతికే దాదాపు ప్రతి యంత్రానికీ ఈ జబ్బు ఉంది. బిగువు తక్కువై జారుతోందనడం వాడుక. మందు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది: ఇంకో రెండు మరలు బిగించడం. బెల్టుల చరిత్రను వరసగా చూస్తే ఈ నిర్ధారణ సగమే నిజమని తేలుతుంది. జారుడును నిలకడగా తగ్గించిన మార్పుల్లో చాలావరకు పుల్లీని బెల్టు చుట్టుకునే కోణాన్నో, గాడి ఆకారాన్నో సరిచేశాయి, లేదా భారాన్ని బట్టి బిగువు తనంతట తాను సర్దుకునే ఏర్పాటు చేశాయి. ఒట్టి బిగింపు మాత్రం తరచుగా జబ్బును బెల్టు దగ్గర తగ్గించి బేరింగుకు అంటించింది. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. రబ్బరైనా తోలైనా లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. లాగుడు వైపు నుంచి వదులు వైపుకు పుల్లీ మీదుగా వెళ్లేటప్పుడు బెల్టు కొద్దిగా పాకుతుంది. ఈ పాకుడును 1874లో ఇంజనీరు ఆస్బోర్న్ రేనాల్డ్స్ వివరించాడు. ఎంత బాగా బిగించిన బెల్టులోనైనా అది ఉంటుంది. దాన్ని లోపంగా లెక్కపెట్టరు.

అసలు జారుడుకు లెక్క కట్టినవాడు స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్, 18వ శతాబ్దంలో. ఆయన లెక్కను అర్థం చేసుకోవడానికి యంత్రం అక్కర్లేదు, ఒడ్డున పాతిన గుంజకు పడవ మోకు చుట్టే మనిషిని చూస్తే చాలు. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, మోకును గుంజకు మూడు చుట్లు తిప్పిన మనిషి ఒక చేత్తో పట్టుకున్న దానికి దాదాపు 285 రెట్ల లాగుడును ఆపగలడు. ఆ బలం చేతిలోది కాదు, చుట్లలోది. పైగా ఒక్కో చుట్టూ బలాన్ని కూడడంతో ఆగదు, హెచ్చవేస్తుంది. అదే గుణకంతో, పుల్లీని సగం, అంటే 180 డిగ్రీలు, చుట్టిన చదును బెల్టులో లాగుడు వైపు బలం వదులు వైపు కంటే 2.57 రెట్ల దాకా పెరగగలదు, ఆ తరవాత జారుతుంది. చుట్టు 150 డిగ్రీలకు తగ్గితే ఈ నిష్పత్తి 2.19కి పడిపోతుంది, 210కి పెంచితే 3కు చేరుతుంది. బెల్టును ఏమాత్రం బిగించకుండా, పక్కన ఒక చిన్న కప్పీ పెట్టి దారి మళ్లిస్తే దొరికే లాభం ఇది.

మిల్లు మేస్త్రీలు ఈ సూత్రాన్ని చదవకుండానే పాటించారు. ఆయిలింజనుకూ హల్లరుకూ మధ్య పొడుగాటి చదును బెల్టు వేసేటప్పుడు లాగుడు వైపును కిందికీ వదులు వైపును పైకీ ఉంచేవారు. పైనున్న వదులు భాగం తన బరువుతో కిందికి వాలి పుల్లీని ఇంకాస్త ఎక్కువ చుట్టుకుంటుంది. ఎదురు దిశలో తిప్పాల్సిన చోట బెల్టును ఎనిమిది అంకెలా మెలిపెడితే రెండు పుల్లీలకూ చుట్టు పెరుగుతుంది. అప్పటికీ జారితే గుగ్గిలం పొడి చల్లడం చాలా దేశాల మిల్లులకు తెలిసిన చిట్కా. గుగ్గిలం ఆ పూట గడిపిస్తుంది, ఆ తరవాత దుమ్ముతో కలిసి గట్టి పొరై బెల్టుకు మెరుపెక్కిస్తుంది. మెరుపెక్కిన బెల్టు మునుపటి కన్నా ఎక్కువ జారుతుంది.

బిగిస్తే జారుడు ఆగుతుంది కదా, కళ్లెదుట కనిపించేదాన్ని కాదనడం ఎలా అని అడగవచ్చు. అది న్యాయమైన అభ్యంతరమే. పై నిష్పత్తి మారకపోయినా, మొదటి బిగువు పెంచితే రెండు వైపుల బలాలూ పెరుగుతాయి, వాటి తేడా కూడా పెరుగుతుంది. యంత్రానికి అందేది ఆ తేడానే. కాబట్టి బిగింపు పనిచేస్తుంది. ఎంత ఖర్చుకు పనిచేస్తుందన్నదే ప్రశ్న. అమెరికాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ తొమ్మిదేళ్ల పాటు బెల్టుల లెక్కలు రాయించి 1893లో ప్రచురించాడు. వెడల్పు, మందం ఎక్కువున్న బెల్టును తక్కువ బిగువుతో నడపడం, చిన్న బెల్టును తెగేలా బిగించడం కంటే చౌక అని అందులో తేలింది. బిగువును చేతి అంచనాకు వదలకుండా స్ప్రింగు కాటాతో కొలిచి, నిర్ణీత గడువుల్లో మళ్లీ సరిచేయాలని కూడా ఆయన పట్టుబట్టాడు. అంతకు ముందే, 1886లో, మరో ఇంజనీరు విల్‌ఫ్రెడ్ లూయిస్ ప్రయోగాలు మరో విషయం చెప్పాయి. కొద్దిపాటి జారుడుతో రాపిడి పెరుగుతుంది. కాస్త జారడం బెల్టు తనను తాను నిలదొక్కుకునే తీరు. జారుడు అనగానే స్పానరు అందుకోవడం మీద నాకున్న అనుమానానికి మొదటి ఆధారం ఇదే.

రెండో ఆధారం రైలుపెట్టె కింద ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడను ఉప్పు కొటార్లతో పాటు జనం గుర్తుపెట్టుకున్నది చిన్న రైలుతోనే. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడికి మొదలైన రెండున్నర అడుగుల గేజి లైను 1931లో గుణుపురం చేరి, 2004లో గేజి మార్పు కోసం ఆగింది. ఆ లైను ఆవిరి ఇంజన్లలో చక్రాలను తిప్పేవి కడ్డీలు, బెల్టులు కావు. అయినా జారుడు అక్కడా ఉంది, పట్టాకూ చక్రానికీ మధ్య. దానికి మందు ఇసుక, మిల్లులో గుగ్గిలం లాంటిదే. బెల్టు సంగతి రైలుపెట్టెల దీపాలతో వచ్చింది. ఇరుసు నుంచి బెల్టుతో డైనమో తిప్పి దీపాలు వెలిగించే పద్ధతిని 1890లలో లండన్‌కు చెందిన జె. స్టోన్ కంపెనీ తెచ్చింది, భారతీయ రైళ్లలోనూ ఆ తరహా ఏర్పాటు చాలాకాలం నడిచింది. బండి వేగం పెరిగేకొద్దీ డైనమో వేగం పెరిగి దీపాలు మాడిపోకుండా ఉండటానికి స్టోన్ కంపెనీ చేసిన ఉపాయం చూడండి: డైనమోను పక్కకు వేలాడదీసి, దాని బరువుతోనే బెల్టు బిగిసేలా పెట్టింది. లాగుడు ఒక హద్దు దాటితే డైనమో ఇరుసు వైపు ఊగుతుంది, బెల్టు జారుతుంది, డైనమో వేగం పెరగడం ఆగుతుంది. ఇక్కడ జారుడే నియంత్రణ. జబ్బుగా పేరుపడ్డదాన్ని అంత తెలివిగా కొలువులో పెట్టుకున్న యంత్రం నాకు తెలిసి మరొకటి లేదు.

బెల్టు చరిత్రను మలుపు తిప్పింది గాడి. డెన్వర్‌కు చెందిన గేట్స్ రబ్బరు కంపెనీలో 1917లో తయారైన వీ-బెల్టు, గాడి అడుగున కూర్చోదు, రెండు పక్కల మధ్య చీలలా దిగబడుతుంది. 40 డిగ్రీల గాడిలో 0.3 గుణకం దాదాపు 0.88 అయినట్టు పనిచేస్తుంది; సగం చుట్టుకు 2.57 ఉన్న నిష్పత్తి 15 దాటుతుంది. బిగువు పెంచకుండానే ఇంత పట్టు. రైలుపెట్టెల ఆల్టర్నేటర్లు కూడా వీ-బెల్టులకు మారాయి. ఆ తరవాత పలచని వీపు మీద చిన్న చిన్న వీ గాడులు వరసగా పేర్చిన రిబ్బుల బెల్టు వచ్చింది. స్పేర్ పార్ట్స్ దుకాణంలో 6పీకే అని అడిగితే ఇచ్చే ఆరు రిబ్బుల బెల్టు అదే. పలచన కాబట్టి చిన్న పుల్లీ మీద కూడా సులువుగా వంగుతుంది, వీపుతో కూడా కప్పీలను తిప్పగలదు. 1979 మోడల్ ఫోర్డ్ ముస్టాంగ్‌తో మొదలై, ఒకే పొడవాటి బెల్టు పాములా మెలికలు తిరిగి ఇంజను ముందున్న సామగ్రినంతా నడపడం మామూలైంది. దానితో పాటే, వదులైతే తనంతట తాను జరిగి సర్దుకునే స్ప్రింగు టెన్షనరు వచ్చింది. స్టోన్ కంపెనీ వేలాడదీసిన డైనమో బరువు చేసిన పనే ఇప్పుడు ఈ స్ప్రింగు చేస్తుంది.

సూపర్‌ఛార్జర్ కథ అమెరికా ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో మొదలవుతుంది. రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలి యంత్రం కార్ల కోసం పుట్టలేదు. ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టే ఆలోచనకు గాట్లీబ్ డైమ్లర్ 1885లో పేటెంటు తీసుకున్నాడు. 1921లో మెర్సిడెస్ అమ్మకానికి పెట్టిన కంప్రెసర్ కార్లలో ఆ యంత్రాన్ని తిప్పినవి గేర్లూ క్లచ్చీ. అక్కడ జారే బెల్టే లేదు. 1957 స్టూడ్‌బేకర్ గోల్డెన్ హాక్ లాంటి కార్లు బెల్టును తెచ్చాయి. 1989 ఫోర్డ్ థండర్‌బర్డ్ సూపర్ కూప్ కాలానికి ఈటన్ కంపెనీ రూట్స్ యంత్రాన్ని రిబ్బుల బెల్టే తిప్పుతోంది. 2000ల దశకంలో కంప్రెసర్ పేరుతో మన రోడ్ల మీదికి వచ్చిన మెర్సిడెస్ కార్లదీ అదే వంశం.

ఈ బెల్టు మోసే భారం ఆల్టర్నేటరు బెల్టుకు ఊహకందనిది. సూపర్‌ఛార్జర్ 30 కిలోవాట్లు తీసుకుంటుందనీ, 18 సెంటీమీటర్ల క్రాంకు పుల్లీ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనీ అనుకుందాం. బెల్టు వేగం సెకనుకు 56 మీటర్ల పైమాట. రెండు వైపుల మధ్య ఉండాల్సిన తేడా 54 కిలోల బరువంత లాగుడు. మీటరుకు 100 గ్రాములు తూగే బెల్టయితే, ఆ వేగంలో అపకేంద్ర బలం ఇంకో 32 కిలోల బిగువును మింగేస్తుంది. బెల్టును పుల్లీకి అదిమి పట్టే పనికి అది అక్కరకు రాదు. ఇంజను నిలిచి ఉన్నప్పుడు రాయిలా బిగిసి ఉన్న బెల్టు పై వేగాల్లో జారడానికి ఇదొక కారణం. బలం కోసం ఆశపడి సూపర్‌ఛార్జర్ పుల్లీని 75 మిల్లీమీటర్ల నుంచి 65కు మార్చితే, దాని వేగం 15 శాతం పెరుగుతుంది, గాలి ఒత్తిడి కూడా పెరగడంతో భారం అంతకు మించి పెరుగుతుంది. బెల్టు అంటుకునే పొడవు మాత్రం 13 శాతం తగ్గుతుంది. అడిగేది పెరిగి ఆధారం తగ్గిన ఈ చోట స్పానరు ఎంతని ఆదుకుంటుంది? అందుకే ఈ పని తెలిసినవాళ్లు ముందు చూసేది, చుట్టు పెంచే అదనపు కప్పీకి చోటుందా అని. వీలైతే చిన్నదాన్ని ఇంకా చిన్నది చేయకుండా క్రాంకు పుల్లీని పెద్దది చేస్తారు, ఆరు రిబ్బుల చోట ఎనిమిది వేస్తారు, అన్ని పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో సరిచూస్తారు. టెన్షనరు స్ప్రింగును గట్టిదిగా మార్చడం ఆ తరవాతి మాట. పూర్తిగా బిగించి కదలకుండా చేసిన టెన్షనరు రేసులో నప్పుతుందేమో గాని, ఇంజను వేడెక్కి ఉబ్బినప్పుడు పెరిగే బిగువంతా సూపర్‌ఛార్జర్ ముందు బేరింగు మీదా, క్రాంకు మీదా పడుతుంది.

పళ్ల బెల్టు వేస్తే జారుడే ఉండదు కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే, డ్రాగ్ రేసు ఇంజన్లు వందల గుర్రపు శక్తిని పళ్ల బెల్టుతోనే సూపర్‌ఛార్జర్‌కు అందిస్తాయి. కానీ పళ్ల బెల్టు జారదు కాబట్టి కుదుపునంతా ఎక్కడో ఒకచోట భరించాలి. డ్రైవరు గేరు మార్చేటప్పుడు ఇంజను వేగం ఒక్కసారిగా పడిపోతుంది, సూపర్‌ఛార్జర్ లోపలి రోటర్లు మాత్రం తమ జోరులో తిరగబోతాయి. ఆ క్షణంలో లాగుడు వైపు వదులుగానూ, వదులు వైపు లాగుడుగానూ మారుతుంది. రిబ్బుల బెల్టు అప్పుడు కొంచెం జారి కుదుపును తీసుకుంటుంది. పళ్ల బెల్టులో పళ్లు తెగవచ్చు, లేదా క్రాంకు కొసన ఉన్న చీల దెబ్బ తినవచ్చు. దాని చప్పుడు వేరే సంగతి. రోజూ ఇంటికి వెళ్లే కారుకు కంపెనీలు రిబ్బుల బెల్టునే ఎంచుకోవడంలో పొదుపుతో పాటు ఈ జాగ్రత్తా ఉంది.

సూపర్‌ఛార్జర్ కార్లే అరుదైన ఉత్తరాంధ్రలో ఈ చర్చ దేనికనేవారికి, గేర్లు లేని స్కూటరు పక్కమూత తీసి చూపించవచ్చు. అందులో వీ-బెల్టు ఉంది, వెనక పుల్లీలో బెల్టును నొక్కి పట్టే స్ప్రింగూ, భారం పెరిగినప్పుడు ఆ నొక్కుడును పెంచే వాలు గాడులూ ఉన్నాయి. కోత యంత్రాల్లోనూ బెల్టులే. నౌపడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో దీనికో ప్రత్యేకత కూడా ఉంది. వాడకుండా నిలిపిన బండి పుల్లీ గాడులకు తుప్పు పట్టి ఆకురాయిలా తయారవుతుంది. బండి మళ్లీ నడిస్తే అది రిబ్బుల పక్కలను గీకుతుంది. పక్కలు అరిగిన రిబ్బు గాడి అడుగుకు దిగిపోతుంది; చీలలా పట్టుకోవాల్సింది చదును బెల్టులా మారుతుంది. 15 ఉండాల్సిన నిష్పత్తి 3 దరిదాపులకు వచ్చాక ఎంత బిగించినా ఆ పట్టు తిరిగి రాదు. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు పాత రబ్బరులా పగుళ్లు చూపదు, కాబట్టి పైకి కొత్తగానే ఉంటుంది. అరుగుదలను రిబ్బు లోతు కొలిచే గేజితోనే పట్టుకోవాలి.

లక్షణాల నుంచి కారణానికి వెళ్లేందుకు కొన్ని గుర్తులు ఉన్నాయి. రూట్స్ తరహా సూపర్‌ఛార్జర్‌లో వేగం పెరిగేకొద్దీ ముల్లు మీద గాలి ఒత్తిడి పెరగాలి, లేదా నిలవాలి. పై వేగాల్లో అది పడిపోతే ముందుగా అనుమానించాల్సింది జారుడునే. కీచుమంటున్న బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించి చూడాలి; చప్పుడు పెరిగితే బిగువో పట్టో తక్కువని, తగ్గితే పుల్లీలు వరసలో లేవని అర్థం. బిగువును కొలవడానికి టేలర్ స్ప్రింగు కాటా వాడాడు, చాలా గ్యారేజీల్లో బొటనవేలే కాటా. ఇప్పుడు చెవి కూడా అందుకు వచ్చింది. రెండు పుల్లీల మధ్య బెల్టును తంబురా తీగలా మీటి, దాని నాదాన్ని యంత్రంతో కొలుస్తారు. 30 సెంటీమీటర్ల దూరం, మీటరుకు 100 గ్రాముల బెల్టు, 400 న్యూటన్ల బిగువు అయితే సెకనుకు సుమారు 105 కంపనాలు వినిపిస్తాయి. స్ప్రింగు టెన్షనరు ఉన్న ఇంజన్లలో ఈ కొలత కంటే ముందు, టెన్షనరు చేయి తన గుర్తుల మధ్యే ఉందా, చివరిదాకా వెళ్లి ఆగిపోయిందా అన్నది చూస్తారు. చివరన ఆగిన చేయి ఇక సర్దుకోలేదు, మార్చాల్సింది అప్పుడు బెల్టునో టెన్షనరునో.